మనుషుల రకాలకు తెలుగు మాటలు: బట్టీ కొట్టకుండా పర్యాయపదాలు నేర్చుకోవడం ఎలా

బళ్లో పర్యాయపదాలంటే సూర్యుడికి రవి, భానుడు, ఆదిత్యుడు, సముద్రానికి జలధి, వారిధి, అంబుధి. మార్కులు పడ్డాయి, మర్చిపోయాం. కానీ పొద్దున లేచింది మొదలు మనం మాట్లాడుకునేది సముద్రం గురించి కాదు కదా, మనుషుల గురించి. పక్కింటాయన పిసినారి, ఆఫీసులో ఒకడు పనిదొంగ, మేనకోడలు వాగుడుకాయ. ఈ మాటలకు పర్యాయపదాలు ఎవరూ పాఠంగా చెప్పరు. అందుకే కథ రాయడానికి కూర్చున్నా, ఫోన్లో నాలుగు లైన్లు టైపు చేసినా మంచివాడు, చెడ్డవాడు, మహా అయితే సైకో దగ్గర బండి ఆగిపోతుంది.

ఒక సంగతి ముందే చెప్పేస్తా. రవి అనాల్సిన చోట భానుడు అంటే సూర్యుడేమీ అనుకోడు. మనిషి అనుకుంటాడు. లోభి, పిసినారి, పీనాసి, పొదుపరి... నిఘంటువులో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి గానీ, ఎవరు ఎవర్ని ఎక్కడ అంటున్నారన్నది మారితే మాట మారాల్సిందే. కాబట్టి మాటతో పాటు అది ఎవరి నోట్లో ఉంటుందో కూడా నేర్చుకోవాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఒక్క రకం మనిషితో మొదలుపెట్టండి

అక్షరక్రమంలో పోవద్దు. ఒక రకాన్ని తీసుకుని, నిఘంటువు ముట్టుకోకుండా, దానికి మీకు తెలిసిన మాటలన్నీ కాగితం మీద రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ అడగండి, కానీ "పిసినారికి పర్యాయపదం చెప్పు అమ్మమ్మా" అంటే ఏమీ రాదు. "మన చుట్టాల్లో అందరికంటే పిసినారి ఎవరు" అని అడిగి ఊరుకోండి, మాటలు వాటంతట అవే వస్తాయి, వద్దన్నా ఆగవు.

పిసినారినే తీసుకుందాం. పిసినారి, పిసినిగొట్టు, పీనాసి, లోభి, లుబ్ధుడు, కృపణుడు, కంజూసు, పొదుపరి. ఇప్పుడు ఒక్కోదాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి: ముఖం మీద అనొచ్చా? వెనకాల మాత్రమే అంటారా? పేపర్లో, పుస్తకంలో కనిపిస్తుందా? ముద్దుగా కూడా అంటారా?

పీనాసి స్నేహితుల మధ్య ముఖం మీదే చెల్లుతుంది, "టీ కూడా తాగించవేంట్రా పీనాసీ" అంటే వాడు నవ్వేసి జేబులో చెయ్యి పెడతాడు (లేదా పెట్టడు, అది వేరే సంగతి). పిసినిగొట్టులో కసి ఎక్కువ, అది మనిషి లేనప్పుడు అనే మాట. కంజూసు హిందీ ఉర్దూల నుంచి వచ్చింది, హైదరాబాదులో, తెలంగాణలో రోజూ వినిపిస్తుంది. లోభి పద్యాల మాట. లోభిని చంపడానికి మందూ మాకూ అక్కర్లేదు, డబ్బు అడిగితే చాలు, వాడే పడి చస్తాడని వేమన అన్నాడు చూడండి, అక్కడ లోభి అంటేనే అందం. లుబ్ధుడు, కృపణుడు ఇప్పుడు ఎవరి నోటా రావు, కానీ తెలిసి ఉంటే పాత పుస్తకాలు రుచిగా ఉంటాయి. కన్యాశుల్కంలో డబ్బు దగ్గర ప్రాణం విడిచే ముసలాయనకు గురజాడ లుబ్ధావధాన్లు అని ఎందుకు పేరు పెట్టాడో లుబ్ధుడు అన్న మాట తెలిసినవాడికి తెర లేవకముందే అర్థమైపోతుంది.

ఇక పొదుపరి. అదే మనిషి, అదే మూసిన పిడికిలి, కానీ ఇది మెచ్చుకోలు. పిల్లనిచ్చిన మామగారి గురించి భార్య ముందు మాట్లాడాలంటే మీకు అక్కరకొచ్చే మాట ఇదొక్కటే. ఇంకా మెత్తగా కావాలంటే "డబ్బు దగ్గర మహా జాగ్రత్త మనిషి" అనండి, అర్థమయ్యేవాళ్లకు అర్థమవుతుంది.

ఈ వరసలోకి చొరబడే దొంగ మాట కక్కుర్తి. చాలామంది పిసినారికీ కక్కుర్తిగాడికీ తేడా లేదనుకుంటారు. పిసినారి తనది ఇవ్వడు, అంతే, ఎదుటివాడి సొమ్ము జోలికి పోవాలని లేదు. కక్కుర్తిగాడు అవతలివాడిది పావలా అయినా వదలడు. ఒకడిలో రెండు గుణాలూ ఉండొచ్చు గానీ మాటలు రెండే. ఇలాంటి చొరబాట్లను పట్టుకోవడమే సగం చదువు.

మాట తోక చూడండి

మనిషి రకాన్ని చెప్పే మాటల్లో చాలావాటికి తెలుగులో తోకలుంటాయి. ఓ అరడజను తోకలు పట్టుకుంటే ఎప్పుడూ వినని మాట కూడా సగం అర్థమైపోతుంది.

పోతు, బోతు: తిండిపోతు, నిద్రపోతు, సోమరిపోతు, తాగుబోతు, తిరుగుబోతు, పొగరుబోతు, కుళ్లుబోతు, వదరుబోతు. ఏదో ఒకటి మితిమీరిందని అర్థం. దున్నపోతు, మేకపోతు గుర్తొచ్చినా ఇక్కడ ఆడ మగ తేడా లేదు, చెల్లెలు కూడా తిండిపోతే. పోతు తగిలిన మాట మెచ్చుకోలు కావడం నేనైతే వినలేదు.

మారి: జిత్తులమారి, టక్కులమారి, మాయలమారి, తగవులమారి, గిల్లికజ్జాలమారి. ముందున్నది ఏదైనా అది బోలెడంత ఉందని. పిల్లల కథల్లో నక్క ఎప్పుడూ జిత్తులమారే, అదే పని చేసిన కుందేలు మాత్రం తెలివైనది. పక్షపాతం అనుకోండి.

రాయుడు: కోతలరాయుడు, కబుర్లరాయుడు. పెద్ద బిరుదు ఇచ్చినట్టే ఇచ్చి గాలి తీసేస్తుంది, అందుకే వెక్కిరింతకు దీన్ని మించింది లేదు. అదే మనిషిని బడాయికోరు అంటే వెక్కిరింత తగ్గి చిరాకు పెరుగుతుంది, ఈ మధ్య పిల్లలు బిల్డప్ బాబాయ్ అంటున్నారు, అదీ మంచి మాటే, రాసుకోండి.

కోరు: దగాకోరు, బడాయికోరు, తెలంగాణలో లత్కోరు. ఇది పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఖోర్, తినేవాడని అర్థం. లత్కోరంటే తన్నులు తినేవాడు, అక్కడి నుంచి సిగ్గూ శరం లేనివాడనే దాకా పోయింది. మనకు కోరుకోవడం అనే మాట ఎలాగూ ఉంది కాబట్టి దగా కోరేవాడు అనుకున్నా అతికిపోతుంది, ఇంత బాగా కలిసిపోయింది అందుకే కాబోలు.

దారు కూడా పారశీకమే గానీ దీని తీరు వేరు. వాటాదారు, ఖాతాదారు, హక్కుదారు, ఫిర్యాదుదారు, బాకీదారు. ఇది బ్యాంకులో, కోర్టులో, పేపర్లో ఉండే తోక, ఇందులో తిట్టూ లేదు పొగడ్తా లేదు. ఇక్కడే ఓ గుంట ఉంది చూసుకోండి. బాకీదారంటే అప్పు తీసుకున్నవాడు. దాన్ని వాడుకలోకి మారుస్తున్నాననుకుని అప్పులవాడు అని రాశారో, కథ తలకిందులవుతుంది, ఎందుకంటే "అప్పులవాళ్లు ఇంటిమీద పడ్డారు" అంటే వచ్చినవాళ్లు అప్పు ఇచ్చినవాళ్లు. అస్తమానం అప్పు చేసేవాణ్ని జనం ఎగతాళిగా అప్పారావు అంటారు. నిజంగా ఆ పేరున్నవాళ్లు క్షమించాలి.

కాడు, గాడు అన్నవాటికి ఆడజత కత్తె, గత్తె: అందగాడు అందగత్తె, మోసగాడు మోసగత్తె, చెలికాడు చెలికత్తె. ఇది అన్నిటికీ కుదరదు, ఆటగత్తె అని ఎవరూ అనరు, క్రీడాకారిణి అంటారు. వాడుతో అంతమయ్యే మాటలతో ఇంకో ఇబ్బంది. పిరికివాడికి ఆడజత పిరికిది, మొండివాడికి మొండిది, మరి ఆ "ది" పెద్దవాళ్లకు, పరాయివాళ్లకు వాడితే ఎంత మోటుగా ఉంటుందో తెలిసిందే. దానికి విరుగుడు మనిషి అనే మాట తగిలించడం: పిరికి మనిషి, మొండి మనిషి. ఆడా మగా అందరికీ సరిపోతుంది, గౌరవమూ పోదు. మొండిఘటం అయితే ఇంకా మంచిది, అందులో కాస్త మెచ్చుకోలు కూడా కలిసి ఉంటుంది.

దగ్గరగా ఉండి వేరైన మాటలు

బుర్ర తక్కువ మనిషికి మన దగ్గర ఉన్నన్ని మాటలు దేనికీ లేవనుకుంటా. అమాయకుడు, వెర్రిబాగులవాడు, వెంగళప్ప, మొద్దు, శుంఠ, దద్దమ్మ, చవట, మందమతి, మూర్ఖుడు. వీటిని ఒకే సంచిలో వేస్తే రాసేవాడిగా మీరు నష్టపోతారు. అమాయకుడిలో తప్పు లేదు, లోకం తెలియదంతే, చదివేవాడికి వాడి మీద జాలి. వెర్రిబాగులవాడిని అందరూ మోసం చేస్తారు, అయినా వాడికి కోపం రాదు. మొద్దుకు చెప్పింది ఎక్కదు, శుంఠ అనేది పాతకాలం మేష్టారి నోట్లో మాట. దద్దమ్మ, చవట తెలివి గురించి కాదు, చేతగానితనం గురించి. మరి మూర్ఖుడు? వాడికి తెలివి ఉండొచ్చు, డిగ్రీలు కూడా ఉండొచ్చు. భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి పద్యం గుర్తు తెచ్చుకోండి, ఇసుకలోంచి నూనె తీయొచ్చు, ఎండమావిలో నీళ్లు తాగొచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం ఒప్పించలేం అని. అంటే మూర్ఖుడు వినని మనిషి. మూర్ఖుడు అనాల్సిన చోట మందమతి అని రాస్తే, విలన్ మీద కోపం రావాల్సింది పోయి జాలి వస్తుంది.

ఎక్కువ మాట్లాడేవాళ్ల సంగతి కూడా ఇంతే. వాగుడుకాయ చిన్నపిల్లలకు, ముద్దుకు. వదరుబోతు పెద్దవాళ్లకు, విసుగుకు. మాటకారి సగం పొగడ్త సగం హెచ్చరిక, పెళ్లిళ్ల పేరయ్య మాటకారే, భూములమ్మే ఏజెంటూ మాటకారే. వాచాలుడు, వాగ్మి రెండూ వాక్కులోంచి పుట్టినవే, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. సంస్కృత అమరకోశం వీళ్లను విడగొట్టింది: చక్కగా మాట్లాడేవాడు వాగ్మి, జల్పాకుడు, వాచాలుడు, వాచాటుడు మాత్రం పనికిరాని మాటలు వాగేవాళ్లు. సన్మాన సభలో ముఖ్య అతిథిని పొగుడుదామని వాచాలుడు అన్నారనుకోండి, అర్థం తెలిసినవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

సోమరి, బద్ధకస్తుడు, సోంబేరి దాదాపు ఒకటే. పనిదొంగ కాదు. పనిదొంగకు పని వచ్చు, ఓపికా ఉంది, సరిగ్గా పని పడే టైముకి మాయమవుతాడు.

పురాణాల నుంచి ఊడిపడ్డవాళ్లు

తెలుగువాడికి రామాయణ భారతాలే పెద్ద పర్యాయపద నిఘంటువు. నిద్రపోతుకు కుంభకర్ణుడు, కోపిష్ఠికి దుర్వాసుడు, దాతకు కర్ణుడు. ఇవి అందరికీ తెలిసినవే, వీటి మీద టైము పెట్టనక్కర్లేదు. పనికొచ్చేవి ఎక్కడుంటాయంటే తేడాల్లో. చాడీలు చెప్పేవాడికి ముగ్గురు దొరుకుతారు: నారదుడు, శకుని, మంథర. నారదుడు ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చేరవేసి తమాషా చూస్తాడు, చివరికి లోకానికి మేలే జరుగుతుంది, కాబట్టి ఇది తేలికైన మాట, ముఖం మీదే "వచ్చావా నారదా" అనొచ్చు. శకుని పక్కనే ఉండి, సొంతవాడిలా సలహాలిస్తూ కొంప ముంచేవాడు. మంథర చెవిలో ఊదుతుంది, మంచి మనసున్న కైకేయిని మార్చింది ఆ ఊదడమే. ఎవరో ఇంటి గొడవకు కారణమయ్యారని రాసేటప్పుడు ఈ ముగ్గురిలో ఎవరని ఒక్క క్షణం ఆలోచిస్తే సరైన మాట దొరుకుతుంది.

విభీషణుడి కథ విచిత్రం. రామాయణంలో ధర్మం వైపు నిలిచినవాడు, జనం నోట్లో మాత్రం ఇంటిగుట్టు బయటపెట్టేవాడు, "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెతలో ఉన్నది ఆయనే. హరిశ్చంద్రుడు కూడా అంతే, ఎవరినైనా "అబ్బో, సత్యహరిశ్చంద్రుడండీ" అన్నారంటే నిజం చెప్పేవాడని మాత్రం కాదు. భయస్తుడికి భీరువు, పిరికిపంద ఉన్నాయి, కానీ ముందు డాంబికాలు పలికి తర్వాత పారిపోయేవాడికి ఉత్తరకుమారుడొక్కడే సరిపోతాడు. కౌరవసేన కనబడగానే రథం దిగి పరుగెత్తింది ఆయనే కదా. పంచతంత్రం నుంచి ఆషాఢభూతి వచ్చాడు: శిష్యుడిలా చేరి సన్యాసి డబ్బు కాజేసినవాడు. పైకి భక్తి, లోపల దొంగబుద్ధి ఉన్నవాడికి ఇంతకంటే మంచి మాట లేదు, పాపం వాడకం తగ్గిపోయింది.

పురాణాలే కాదు, సినిమా కూడా మాటలిచ్చింది. సూర్యకాంతమ్మ గయ్యాళి అత్త వేషాలు అంత బాగా వెయ్యడం వల్ల "మా అత్త సూర్యకాంతం" అంటే ఇంక వివరణ అక్కర్లేదు. ఇక్కడొకటి గమనించండి. గయ్యాళి, నంగనాచి, మాయలాడి లాంటివి ఎక్కువగా ఆడవాళ్లకే వాడతారు. అదే నోరున్న మగవాణ్ని గట్టిగా మాట్లాడే మనిషి అంటారు. మాటలు నేర్చుకోండి, అవి ఎవరికి అన్యాయం చేస్తున్నాయో కూడా చూడండి.

చట్టం కూడా ఇచ్చింది. మోసగాడికి, టక్కరికి, వంచకుడికి జనం పెట్టిన పేరు ఫోర్ ట్వంటీ, పాత శిక్షాస్మృతిలో మోసానికి పెట్టిన 420 సెక్షన్ నుంచి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి మోసం 318వ సెక్షన్లోకి వెళ్లిపోయింది, అయినా "వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు" అని ఎవరూ అనడం లేదు, అనరు కూడా.

ఒక్క మాటలో దొరకనప్పుడు

పర్యాయపదం ఒక్క పదమే అయి ఉండాలని లేదు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి, ఇవి పిసినారికి పర్యాయపదాలే. ఎంగిలిచేత్తో ఎందుకు తోలడంటే చేతికంటిన మెతుకులు రాలితే కాకి తింటుందని. ఎంత చూసి అన్నారో! దానికి ఎదురుగా దాత, ఎముక లేని చెయ్యి. కోపిష్ఠి ముక్కుమీద కోపం ఉన్న మనిషి. కథలో పాత్రను మొదటిసారి తెచ్చేటప్పుడు ఈ పొడుగు మాట వాడి, తర్వాత పొట్టి మాటలోకి దిగితే బాగుంటుంది. ప్రతిసారీ పొడుగుదే వాడితే చాదస్తంగా ఉంటుంది.

ఇక నిఘంటువుల సంగతి. సొంతంగా లిస్టు రాసుకున్నాకే వీటి దగ్గరికి వెళ్లండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే చాలా నిఘంటువులు ఒకేసారి వెతుకుతుంది, ఉచితం. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో తెచ్చిన శబ్దరత్నాకరం కావ్యాల మాటలకు మంచిది, బ్రౌన్ నిఘంటువులో పందొమ్మిదో శతాబ్దపు వాడుక మాటలు బోలెడు దొరుకుతాయి. అచ్చతెలుగు మాటలు కావాలంటే పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో మానవ వర్గం అని ఒక భాగమే ఉంది, పద్యాల్లో. పరీక్షకు చదివేవాళ్లు సంస్కృత పదాలు రాసుకోండి: పిసినారికి లోభి, కృపణుడు, భయస్తుడికి భీరువు. కంజూసు రాస్తే మార్కు ఇస్తారో లేదో పేపరు దిద్దేవారి దయ.

పాత నిఘంటువుల్లో కులం పేర్లు, వైకల్యం పేర్లు తిట్లుగా వాడిన చోట్లు కనిపిస్తాయి. చదివి అర్థం చేసుకోండి, నోట్లోకి తెచ్చుకోవద్దు. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో తిట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, పైగా ఆ మాటలు లేకుండా తిట్టుకోవడానికి తెలుగులో కొదవేమీ లేదు.

నేర్చుకున్నవి నిలవాలంటే వాక్యంలో పెట్టండి, అదీ ముగ్గురితో: నేను తిండిపోతుని, నువ్వు తిండిపోతువి, మేమంతా తిండిపోతులం. బయటి దేశాల్లో పెరుగుతున్న పిల్లలతో ఇది ఆటలా ఆడించొచ్చు, భోజనాల దగ్గర ఒక్కొక్కరికీ ఆ రోజు చేసిన పనిని బట్టి ఒక పేరు పెట్టడం, మర్నాడు అదే గుణానికి ఇంకో పేరు పెట్టడం. పిల్లలు అమ్మానాన్నలకు పేర్లు పెట్టడంలో చూపించే హుషారు పాఠంలో చూపించరు. పెద్దవాళ్లయితే సీరియల్ చూస్తూ ఒక పాత్రను ఒకే తిట్టు రెండుసార్లు వాడకుండా తిట్టి చూడండి, పది నిమిషాల్లో మీ నిల్వ ఎంతో తేలిపోతుంది.

ఒక వరస మీకే వదిలేస్తున్నా. పై అధికారి ముందు వంగి వంగి దండాలు పెట్టేవాడికి: భజనపరుడు, ముఖస్తుతి చేసేవాడు, కాకా పట్టేవాడు, చెంచా, తైనాతీ, వందిమాగధుడు, సోప్ వేసేవాడు, అడుగులకు మడుగులొత్తేవాడు. నాలుగు ప్రశ్నలూ ఒక్కోదాన్నీ అడగండి. రెండు ఆనవాళ్లు ఇస్తా: వందిమాగధులు సాధారణంగా గుంపుగానే వస్తారు, చెంచా అని మాత్రం ముఖం మీద అన్నారంటే గొడవే.